గ్రేహౌండ్స్‌కి వెళ్తున్న అల్లుడికి

ఒరే అల్లుడూ,

మావోయిస్టుల కోసం అడవులు గాలించే పోలీసు దళం, ఆ గ్రేహౌండ్స్‌కి పేరిచ్చావని మా చెల్లి ఫోన్ చేసింది. సగం ఏడుపు, సగం మురిపెం. నాకూ అంతే. ముందే ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది? సర్లే, విను.

పరుగు గురించి నీకు చెప్పక్కర్లేదు, బూట్ల గురించి చెప్పాలి. కొత్త బూట్లతో ట్రైనింగ్‌కి వెళ్లకు. ఇప్పుడే తొడుక్కుని, వీపున బరువేసుకుని, సింహాచలం గిరి ప్రదక్షిణ దారి 32 కిలోమీటర్లూ ఓసారి నడువు. ఎక్కడ ఒరుసుకుంటుందో హనుమంతవాక వచ్చేసరికే తెలిసిపోతుంది. సాక్సులు తడిస్తే వెంటనే మార్చు.

ఏజెన్సీ నుంచి వచ్చిన నెలలోపు జ్వరం తగిలితే మాత్రేసుకుని పడుకోకు. ఆ రోజే రక్తపరీక్ష. అడవికి వెళ్లొచ్చానని డాక్టరుకి నువ్వే చెప్పాలి. ఫాల్సిపారం రకం మలేరియా మెదడుకెక్కితే గంటల వ్యవహారం.

వెళ్లిన దారిన తిరిగి రావద్దని, కల్వర్టుల దగ్గర మందుపాతరలుంటాయని ట్రైనింగ్‌లో వాళ్లే నూరిపోస్తారు. నా భయం నీళ్లతో.

2008 జూన్ 29. ఒడిశాలో, సీలేరు మీది బలిమెల రిజర్వాయరు. కూంబింగ్, అదే అడవి గాలింపు, ముగించుకుని లాంచీలో తిరిగొస్తున్న గ్రేహౌండ్స్ వాళ్ల మీద కొండపైనుంచి మావోయిస్టుల కాల్పులు. లాంచీ మునిగింది, 38 మంది పోయారు. 1989లో ఐపీఎస్ ఆఫీసరు వ్యాస్ గారు పెట్టిన ఈ దళానికి అడవిలో అలికిడి లేకుండా నడవడమే బలం. లాంచీ ఎక్కితే ఆ బలం ఒడ్డునే ఉండిపోతుంది. ఇంజను చప్పుడు దూరం నుంచే వినిపిస్తుంది, అందరూ ఒకేచోట ఉంటారు, దాక్కుందామంటే చెట్టు చాటు లేదు. ఇక నీళ్లలో పడ్డావనుకో: తుపాకీ నాలుగు కిలోలు, నిండు మ్యాగజైన్లు నాలుగైతే మూడు కిలోల పైమాటే, ఆపైన వీపున సంచీ. వచ్చిన ఈత కూడా పనిచెయ్యదు.

ఎత్తు మీద మనవాళ్లున్నారా లేదా అన్నది కమాండరు చూసుకుంటాడు. నీ బకిల్ మాత్రం నువ్వే చూసుకోవాలి. లాంచీ ఎక్కేముందు సంచీ దించెయ్. లైఫ్ జాకెట్ లోపల, మ్యాగజైన్ల పౌచ్ పైన. తారుమారైతే పౌచ్ వదిలించుకోలేవు, జాకెట్ ఉండీ మునుగుతావు. ఆ పౌచ్ బకిల్ ఒంటిచేత్తో, కళ్లు మూసుకుని ఊడదీయడం వంద సార్లు చేసి చూసుకో.

ఈత రేపట్నుంచే మొదలుపెట్టు. ఆర్కే బీచ్‌లో కాదు, అక్కడ వెనక్కి లాగే నీటికి జాలర్లే జంకుతారు. స్విమ్మింగ్ పూల్‌కి వెళ్లు. మొదట మామూలుగా, తర్వాత చొక్కా ప్యాంటుతో, చివర్లో బూట్లతో. పూల్‌వాళ్లు ఒప్పుకోరు, బతిమాలుకో.

కూంబింగ్‌కి వెళ్తే ఫోన్ ఉండదు. ఎక్కడికో చెప్పొద్దు గానీ, ఇన్ని రోజులు మాట్లాడనని అమ్మకి చెప్పి కదులు. లేకపోతే టీవీలో స్క్రోలింగ్ చూస్తూ అది అన్నం మానేస్తుంది, నువ్వొచ్చాక నాలుగు తగిలిస్తాను.

ఇంకోటి. నామినీ కాగితంలో అమ్మ పేరు ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయి. తేడా ఉంటే ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది అదే.

మామయ్య