మా కంపెనీలో 25 మంది. పాత ఈమెయిల్ సర్వర్‌ను వర్చువల్ మెషీన్‌లోకి మార్చమంటారా?

మార్చండి. మీ సర్వర్ డబ్బా పాతబడిందని మీరే రాశారు. వర్చువల్ మెషీన్ అంటే ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్, అదంతా కొన్ని ఫైళ్లలోనే ఉంటుంది. అది పోయాక కొత్తదాని మీద అన్నీ మొదటి నుంచి ఎక్కించుకునే బదులు, వర్చువల్ మెషీన్ ఫైళ్లను ఎత్తుకెళ్లి ఇంకోదాంట్లో పెట్టుకోవడం ఎంతో నయం. మీ ప్రశ్నకు జవాబు ఇంతే. మిగతాదంతా నా గోడు.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కంప్యూటర్లు చూసుకుంటాను. కాటా దగ్గర ప్రింటర్‌లో కాయితం ఇరుక్కున్నా నన్నే పిలుస్తారు, ఓనర్ గారి అబ్బాయి ఫోన్‌కు వైఫై అందకపోయినా నన్నే పిలుస్తారు. మిల్లుకు ఈమెయిల్ ఏంటని నవ్వకండి. మా బియ్యం కొంత కాకినాడ పోర్టు మీదుగా బయటి దేశాలకు పోతుంది. షిప్పింగ్ ఏజెంటు పంపిన కాయితాల డ్రాఫ్టు చూసి సరే అనడం ఒక్క పూట ఆలస్యమైతే అటు నుంచి ఫోన్లు మొదలవుతాయి.

2018లో హైదరాబాద్ నుంచి ఒక వెండర్ వచ్చి మెయిల్, ట్యాలీ, ఫైల్ సర్వర్ మూడింటినీ ఒకే మెషీన్‌లో వర్చువల్‌గా పెట్టి పోయాడు. బాగానే నడిచింది. 2019 జనవరిలో ఏదో అప్‌డేట్ చేస్తూ ముందుజాగ్రత్తగా మెయిల్ మెషీన్‌కు స్నాప్‌షాట్ తీశాడు. పని అయ్యాక దాన్ని తీసేయడం మరిచాడు. నేనైతే స్నాప్‌షాట్ అంటే ఫొటో లాంటిది, ఉంటే మంచిదే అనుకున్నాను. కాదట. అది తీసిన క్షణం నుంచి అసలు డిస్కు ఫైలు అక్కడే ఆగిపోతుంది, ఆ తర్వాత రాసేదంతా పక్కనున్న ఇంకో ఫైల్‌లోకి పోతుంది. మెయిల్ సర్వర్ పగలూ రాత్రీ రాస్తూనే ఉంటుంది. నాలుగు నెలల్లో ఆ పక్క ఫైలు మా మిల్లు వెనకాల ఊక కుప్పలా పెరిగింది.

మే నెల. యాసంగి వడ్ల లారీలు గేటు దాటి రోడ్డు మీద నిలబడ్డ రోజులు. సాయంత్రం ఏడింటికి గుమాస్తా వచ్చి, "అన్నా, మెయిల్ వస్తలేదు, నెట్ పోయినట్టుంది" అన్నాడు. మా ఆఫీసులో ఏది ఆగినా నెట్ పోయినట్టే. సర్వర్ ఉండేది మెట్ల కింద అరలో. ఏసీ లేదు. ఏసీ ఓనర్ గారి క్యాబిన్‌లో ఉంది, ఆయన అందులో రోజుకు గంటసేపు కూర్చుంటారు. సర్వర్ మూత మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము. స్క్రీన్ మీద చూస్తే, డిస్కులో జాగా అయిపోయింది, మెషీన్‌ను ఆపాను, జాగా చేసి రీట్రై నొక్కండి అని ఉంది.

వెండర్‌కు ఫోన్ చేశాను. "టెన్షన్ పడకండి సార్, స్నాప్‌షాట్ ఉంది కదా, రివర్ట్ కొట్టేయండి, ఐదు నిమిషాల్లో లేస్తది" అన్నాడు. మౌస్ దాని మీదికి తీసుకెళ్లాను కూడా. వెనకాల ఓనర్ గారు నిలబడి, "ఏమైంది బాబూ, కాకినాడోళ్లు ఊకె ఫోన్ చేస్తున్నరు" అంటున్నారు. ఎందుకో అనుమానమొచ్చి, "రివర్ట్ కొడితే జనవరికి పోతదా?" అని అడిగాను. అటు వైపు చప్పుడు లేదు. తర్వాత, "సీనియర్‌ను అడిగి చేస్తా సార్" అని పెట్టేశాడు. ఆ సీనియర్ ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ డిలీట్, రివర్ట్ అనే పేర్లు పెట్టినవాళ్లను ఒక్కసారి చూడాలని ఉంది. డిలీట్ అంటే భయం వేస్తుంది, కానీ స్నాప్‌షాట్‌ను డిలీట్ చేస్తే పక్క ఫైల్‌లో ఉన్నదంతా అసలు డిస్కులో కలుస్తుంది, మన మెయిల్స్ ఏవీ పోవు. రివర్ట్ వినడానికి ఎంత మెత్తగా ఉంటుందో, నాలుగు నెలల మెయిల్స్‌ను అంత మెత్తగా మింగేస్తుంది. సర్వర్ ఒకసారి తీసుకున్న మెయిల్‌ను పంపినవాళ్ల సర్వర్ మళ్లీ పంపదు. పోతే పోయినట్టే.

పాత ఐఎస్ఓ ఫైళ్లు (సాఫ్ట్‌వేర్ ఎక్కించే డిస్కుల కాపీలు) తీసేశాను, ఎవరూ వాడని ఒక టెస్ట్ మెషీన్‌ను యూఎస్‌బీ డిస్కులోకి మార్చి జాగా చేశాను. రీట్రై కొట్టి, మెయిల్ మెషీన్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసి, రాత్రి పదకొండుకు స్నాప్‌షాట్ డిలీట్ నొక్కాను. కలిసేసరికి తెల్లవారుజాము నాలుగున్నర. మధ్యలో కరెంటు పోతే ఎట్లా అని యూపీఎస్ పక్కనే కూర్చున్నాను. దాని బ్యాటరీ మార్చమని అంతకు ముందు ఏడాది నుంచి అడుగుతున్నా. సర్వర్ లేచాక, రాత్రి ఆగిన మెయిల్స్ పొద్దున్నే ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అవతలి సర్వర్ దొరకకపోతే పంపే సర్వర్ వెంటనే వదిలేయదు, మామూలుగా నాలుగైదు రోజుల దాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈ సంగతి ఆ రాత్రి తెలిసి ఉంటే కాస్త నిద్రయినా పోయేవాణ్ణి.

కాబట్టి మార్చేటప్పుడు బ్యాకప్ వేరే డబ్బాలోకి పోయేలా పెట్టించండి. నెలకోసారి దాంట్లోంచి ఒక మెయిల్‌బాక్స్ నిజంగా తెరిచి చూడండి. మెషీన్ మారినా పబ్లిక్ ఐపీ (నెట్‌లో మీ సర్వర్ అడ్రసు నంబరు) మారనివ్వకండి, మారితే రివర్స్ డీఎన్ఎస్ (ఆ నంబరు ఎవరి పేరు మీద ఉందో చెప్పే నమోదు) కోసం మళ్లీ నెట్ కంపెనీ చుట్టూ తిరగాలి. ఉచిత ఈఎస్ఎక్స్ఐ (వర్చువల్ మెషీన్లను నడిపే విఎంవేర్ కంపెనీ సాఫ్ట్‌వేర్) ఉంది కదా అని దాని మీదే లెక్క వేసుకోకండి. విఎంవేర్ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లాక 2024లో అది ఆగిపోయింది, 2025లో మళ్లీ వచ్చింది, రేపు ఏమవుతుందో వాళ్లకే తెలియాలి. మేం అదే పని చేసే ప్రాక్స్‌మాక్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కు మారాం.

నిజానికి 25 మందికి సొంత మెయిల్ సర్వరే దండగ, నెలకు తలకింత కట్టి బయట పెట్టుకోవడమే మేలని నా లెక్క. మా ఓనర్ గారికి అదే చెప్పాను. "మన మెయిల్ మన గోదాంలనే ఉండాలె" అన్నారు. అయితే ఆ గోదాంకు ఏసీ పెట్టించండి అన్నాను. చూద్దాం అన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు.