రాత్రి రెండైనా ఫోను వదల్లేకపోతున్నాను

ప్రశ్న: మాది విజయనగరం. నాకు 67 ఏళ్లు. మా వారు పోయి రెండేళ్లయింది. అబ్బాయి హైదరాబాద్‌లో, అమ్మాయి విశాఖలో ఉంటారు. ఇంట్లో నేనొక్కదాన్నే. వీడియో కాల్స్ కోసమని అబ్బాయి పెద్ద ఫోను కొనిచ్చాడు. చిన్నప్పుడు నాతో సంగీతం నేర్చుకున్నవాళ్లు దాంట్లో మళ్లీ కలిశారు. ఒకామె బొబ్బిలిలో, ఒకామె శ్రీకాకుళంలో, ఇంకొకామె మా ఊళ్లోనే కంటోన్మెంట్‌లో ఉంటారు. వాట్సాప్‌లో రోజుకొకరం కీర్తన పాడి పంపుకుంటాం. అది బాగానే ఉంది. కానీ రాత్రి భోంచేసి యూట్యూబ్, ఫేస్‌బుక్‌లలో చిన్న చిన్న వీడియోలు మొదలుపెడితే ఒంటిగంట, రెండు అయిపోతోంది. పొద్దున్న లేవలేను. అయ్యకోనేరు గట్టు మీద నడక మానేశాను. పక్కింటావిడ ‘ఏటప్పా, అగుపించడమే మానేసినావు’ అంది. సిరిమాను పండగకి వచ్చిన మనవరాలు మేడ మీంచి సిరిమాను ఎలా చూసిందో చెబుతుంటే నేను ఫోను చూస్తూ ఊ కొట్టాను. ‘అమ్మమ్మా, నువ్వు వినట్లేదు’ అని అలిగి పడుకుంది. అబ్బాయి ఈసారి వచ్చినప్పుడు ఈ ఫోను తీసేసుకుని బటన్ ఫోను కొనిస్తానంటున్నాడు. ఇంకో సంగతి. ఒక వీడియో చూసి 2,800 రూపాయలు పెట్టి షుగర్ తగ్గే పొడి తెప్పించాను. అది వేసుకుంటూ రాత్రి మాత్ర మానేశాను. పిల్లలకి చెప్పలేదు. ఈ వయసులో నాకు ఫోను వ్యసనం పట్టిందా? సిగ్గుతో ఎవరితోనూ చెప్పుకోలేక మీకు రాస్తున్నాను.

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు షుగర్ మాత్ర సంగతి. ఈ జవాబులో మిగతాదంతా నిదానంగా చదువుకోవచ్చు, ఇది మాత్రం రేపటికి వాయిదా వేయొద్దు. ఆ పొడి ఈ పూట నుంచే ఆపేయండి. రేపు మీరు ఎప్పుడూ చూపించుకునే డాక్టరు దగ్గరికి వెళ్లి, ఎన్నాళ్ల నుంచి రాత్రి మాత్ర వేసుకోవడం లేదో చెప్పండి. పొడి డబ్బా కూడా సంచిలో పెట్టుకుని వెళ్లి చూపించండి. ఇలాంటి కొన్ని పొడుల్లో షుగర్ తగ్గించే ఇంగ్లీషు మందునే గుట్టుగా కలిపి అమ్మిన సందర్భాలున్నాయి. అందుకని మాత్ర మళ్లీ ఎప్పుడు, ఎంత వేసుకోవాలో రక్తపరీక్ష చూసి డాక్టరే చెప్పాలి. షుగర్ నయం చేస్తామని, బీపీ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆ వీడియోలో మాట్లాడిన మనిషి తెల్లకోటు వేసుకున్నా, వెనకాల దేవుడి పటం పెట్టుకున్నా, అతను చేసింది చట్టం ఒప్పుకోని పని. మోసం చేసింది అతను. సిగ్గుపడాల్సింది మీరు కాదు.

ఇక మీ ప్రశ్నకు వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేస్తున్న వ్యాధుల పట్టికలో వీడియో గేమ్స్ వ్యసనం ఉంది, జూదం ఉంది. ఫోను ఎక్కువ చూడడమనే పేరుతో జబ్బేదీ అందులో లేదు. కాబట్టి మీకు మీరే ఒక రోగం పేరు పెట్టేసుకోకండి. అలాగని మీ ఇబ్బంది చిన్నదని నేననను. రోజుకు ఎన్ని గంటలు చూస్తున్నారని నేను అడగను. ఆ గంటలు మీకు ఏం దక్కకుండా చేశాయి అన్నదే అడుగుతాను. మీ ఉత్తరంలోనే జవాబుంది: నిద్ర, నడక, పక్కింటావిడతో నాలుగు మాటలు, మనవరాలి కబురు. ఈ నాలుగింటినీ మీరే గుర్తుపట్టి రాశారు. వ్యసనంలో పూర్తిగా మునిగిపోయినవాళ్లు సాధారణంగా ఇంత స్పష్టంగా రాయలేరు. నాకు ధైర్యం కలిగించింది ఆ స్పష్టతే.

మీ ఫోనులో రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయి. మీ అబ్బాయి రెంటినీ ఒకే గాట కట్టేస్తున్నాడు. పాటల గ్రూపు మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. యాభై ఏళ్ల కిందట కలిసి సరళీ స్వరాలు పాడుకున్న స్నేహితురాళ్లు ఈ వయసులో తిరిగి దొరకడం మామూలు సంగతి కాదు. పాడేటప్పుడు మీరు ఊపిరి బిగపట్టి సంగతులు వేస్తారు, సాహిత్యం గుర్తు తెచ్చుకుంటారు, అవతలామె పాట విని బాగుందనో శ్రుతి తప్పిందనో చెబుతారు. అక్కడ మీరొక పని చేస్తున్నారు, మీకోసం ఒక మనిషి ఎదురుచూస్తున్నారు. 1919లోనే సంగీత కళాశాల వెలిసి, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలుగా చేసిన ఊరు మీది. అలాంటి ఊళ్లో ఉన్న కంటోన్మెంట్ స్నేహితురాలితో ఇన్నాళ్లూ ఫోనులోనే ఎందుకు పాడుతున్నారు? ఆటో ఎక్కితే పావుగంట దారి. వారానికొక సాయంత్రం మీ ఇంట్లోనో వాళ్లింట్లోనో కూర్చుని ఇద్దరూ కలిసి పాడి, బొబ్బిలి ఆమెకు, శ్రీకాకుళం ఆమెకు దాన్నే పంపండి. త్యాగరాజ ఆరాధన నాటికి నలుగురూ ఒకచోట కూర్చుని ఒక్క పంచరత్నమైనా పాడాలని పెట్టుకోండి. విజయనగరం నుంచి బొబ్బిలికైనా శ్రీకాకుళానికైనా బస్సుల్లో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

రెండోది రాత్రి వీడియోలు. మిమ్మల్ని అలసిపోయేలా చేస్తున్నది ఇదే.

దాని పనితీరు తెలిస్తే మిమ్మల్ని మీరు ఇంతగా తిట్టుకోరు. పేపరుకు ఆఖరి పేజీ ఉంటుంది. సీరియల్ అరగంటకు అయిపోతుంది. ఈ చిన్న వీడియోలకు ఆఖరు అనేదే పెట్టలేదు. వేలితో పైకి తోస్తే ఇంకోటి వస్తుంది, అది బాగోకపోతే తరవాతిది బాగుంటుందేమో అనిపిస్తుంది. మీరు దేని దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగారో అది గమనించి, అలాంటివే మళ్లీ మళ్లీ తెచ్చి పెడుతుంది. మోకాళ్ల నొప్పి గురించి ఒకటి చూస్తే పది వస్తాయి. ఆ షుగర్ పొడి మీకు ఎదురైన దారి కూడా బహుశా ఇదే. మనిషిని కూర్చోబెట్టడానికే కట్టిన ఏర్పాటు అది. చదువుకున్న కుర్రాళ్లే అందులోంచి లేవలేకపోతున్నారు. ‘మనసు గట్టిగా ఉంటే చాలు’ అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. మనసుతో కుస్తీ పట్టడం కంటే ఏర్పాటు మార్చుకోవడం తేలిక.

కానీ ఏర్పాటు కంటే ముందు ఒక మాట అడగనివ్వండి. మీ వారు ఉన్నప్పుడు రాత్రి భోజనాలయ్యాక ఏం చేసేవారు? మీరు రాయలేదు. ఆ రోజు ఎవరొచ్చారు, పాలవాడి లెక్క ఎంతైంది, అమ్మాయి ఫోన్ చేసిందా, ఇలాంటి మాటలేవో నడిచి ఉంటాయి. పెద్ద విషయాలేమీ ఉండవు, అయినా ఆ మాటలతోనే రోజు ముగిసేది. ఇప్పుడు అదే వేళకు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటోంది. ఆ నిశ్శబ్దంలోకి ఫోను ఒక మనిషి గొంతు తెచ్చింది. మీరు వీడియోల కోసం మేలుకుని ఉంటున్నారని నాకు అనిపించడం లేదు. లైటు ఆర్పి ఆ ఖాళీ మంచం మీద ఒంటరిగా పడుకోవాల్సిన క్షణాన్ని వాయిదా వేస్తున్నారు. నా ఊహ తప్పైతే పక్కన పెట్టేయండి. నిజమైతే మాత్రం, రెండేళ్లయినా ఇంకా దుఃఖం ఏమిటని మిమ్మల్ని మీరు గద్దించుకోవద్దు. కలిసి బతికిన ఏళ్లు ఎన్నో ఉన్నప్పుడు దుఃఖానికి రెండేళ్లు ఎక్కువేం కాదు.

అందుకే మీ పిల్లలకు నేను చెప్పదలచుకున్నది ఒకటుంది. వాళ్లు మీకు ఏ వేళప్పుడు ఫోన్ చేస్తారు? చాలా ఇళ్లలో ఆదివారం పొద్దున్న, లేదా ఆఫీసు నుంచి వచ్చే దారిలో చేస్తారు. అది వాళ్లకు కుదిరే వేళ. మీకు మనిషి కావలసిన వేళ రాత్రి తొమ్మిదిన్నర. రోజు విడిచి రోజు ఒకరు, ఆ వేళకు పది నిమిషాలు మాట్లాడితే చాలు. కబుర్లేం లేకపోయినా పరవాలేదు, ‘ఇవాళ ఏం వండావమ్మా’ అన్నా చాలు. ఈ జవాబు వాళ్లకు చదివి వినిపించండి. నోరు విడిచి అడగడానికి మీకు మొహమాటమైతే నేను అడుగుతున్నాను: నాయనా, అమ్మ ఫోను తీసుకోవాలని చూస్తున్నావు కదా, తీసేసిన ఆ మూడు గంటల్లో ఆవిడకు ఏమిద్దామనుకుంటున్నావు?

అతను ఆలోచించిన బటన్ ఫోను మాత్రం నాకు నచ్చింది. కొనమనండి. పెద్ద ఫోనుకు బదులుగా కాదు, దానితో పాటు. ఒంటరిగా ఉండే మనిషి, అందులోనూ షుగర్ ఉన్న మనిషి, రాత్రిపూట ఫోను అందకుండా పడుకోవడం మంచిది కాదు. ‘ఫోను వేరే గదిలో పెట్టేసి పడుకోండి’ అన్న సలహా అందరికీ ఇస్తారు కానీ మీకు నేనది ఇవ్వను. అర్ధరాత్రి కళ్లు తిరిగితే ఎవరిని పిలుస్తారు? బటన్ ఫోను తలగడ పక్కన ఉండాలి. రెండు నొక్కి పట్టుకుంటే అమ్మాయికి, మూడు నొక్కి పట్టుకుంటే పక్కింటావిడకు, నాలుగు నొక్కి పట్టుకుంటే 108కి వెళ్లేలా అబ్బాయి చేత పెట్టించుకోండి. పెద్ద ఫోను పదింటికి వంటింట్లో ఛార్జింగుకు పోవాలి. ఛార్జరును పడకగదిలోంచి తీసుకెళ్లి అక్కడే ప్లగ్గుకు ఉంచేస్తే, మళ్లీ తెచ్చుకోవాలనిపించినా లేచి నడవాలి. చాలాసార్లు ఆ పది అడుగుల బద్ధకమే కాపాడుతుంది.

ఫోనులో కూడా చిన్న మార్పులు చేయించండి. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపేసి, చూసిన వీడియోల జాబితా చెరిపేసి, ఇకపై గుర్తుంచుకోవద్దని పెడితే మొదటి పేజీ చాలావరకు ఖాళీ అయిపోతుంది. అప్పుడు మీకు కావలసిన కీర్తన మీరే వెతుక్కుని వినాలి. ఫేస్‌బుక్‌కు రోజుకు ఇంతసేపని టైమర్ ఫోను సెట్టింగుల్లోనే పెట్టొచ్చు. మీ అమ్మాయికి ఇదంతా పావుగంట పని.

మొదటి వారం కష్టంగానే ఉంటుంది. పదింటికి పడుకుంటే నిద్ర వెంటనే రాదు. రెండింటికి అలవాటు పడిన ఒళ్లు ఒక్కసారిగా మారదు. ముందు పన్నెండుకి, నాలుగు రోజులకి పదకొండున్నరకి, అలా వెనక్కి జరపండి. నిద్ర పట్టకపోతే చీకట్లోనే చిన్న రేడియోనో, పాటలున్న పెన్‌డ్రైవ్ పెట్టుకునే స్పీకరో తక్కువ సౌండులో వినండి. గొంతు వినబడుతుంది, బొమ్మ ఉండదు, కంటి మీద వెలుతురు పడదు. అలసిన కళ్లకు కూడా అది మేలు. తెర చూస్తున్నంతసేపూ మనం రెప్పలు తక్కువ వేస్తాం. అందుకే కళ్లు పొడిబారి మండుతాయి. రాత్రి ఎంత ఆలస్యమైనా సరే పొద్దున్న ఒకే వేళకు లేవండి, పగలు అరగంటకు మించి పడుకోకండి. రాత్రి నిద్రను దారికి తెచ్చేది పొద్దున్న లేచే వేళే.

నడక మళ్లీ మొదలుపెట్టడానికి మీ పక్కింటావిడే దారి చూపించింది. ‘అగుపించడమే మానేసినావు’ అన్న మాటలో నిష్ఠూరం ఎంతుందో, రమ్మనడమూ అంతే ఉంది. రేపు సాయంత్రం వాళ్ల గుమ్మం ముందు నిలబడి ‘ఎల్లుండి నుంచి ఆరింటికి అయ్యకోనేరు గట్టుకి వెళ్దామా’ అనండి. ఒంటరిగా అనుకున్న నడక ఒంట్లో బాగోలేదనే వంకతో ఆగిపోతుంది. ఒకరు గేటు దగ్గర ఎదురుచూస్తుంటే ఆగదు.

మనవరాలికి ఒక ఫోన్ చేయండి, వాళ్లమ్మకు కాదు, తనకే. ‘ఆ రోజు నువ్వు సిరిమాను గురించి చెబుతుంటే నేను సరిగ్గా వినలేదు, మళ్లీ చెప్పు’ అని అడగండి. పిల్లలు ఇలాంటిది ఊరికే మర్చిపోరు, కానీ ఒక్క మాటతో క్షమించేస్తారు. చెబుతున్నప్పుడు మధ్యలో ప్రశ్నలు వేయండి. సంక్రాంతికి వచ్చినప్పుడు తను ఇంట్లో ఉన్నంతసేపూ పెద్ద ఫోను అలమరాలో ఉంచండి.

ఇవన్నీ చేసినా నెల రోజుల తరవాత కూడా నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, పాట పాడాలని కూడా అనిపించకపోయినా, ఇంకెందుకీ బతుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగొద్దు. 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అది. డబ్బులు తీసుకోరు, ఏ వేళ చేసినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. వృద్ధాప్యంలో దిగులు చాలాసార్లు ఏడుపుగా కనబడదు, నిద్రలేమిగా, చిరాకుగా, దేని మీదా ఆసక్తి లేకపోవడంగా కనబడుతుంది. దానికి మంచి వైద్యం ఉంది.

చివరిగా, ఆ 2,800 రూపాయల సంగతి పిల్లలకు చెప్పాలా అని మీరు నేరుగా అడగలేదు కానీ ఆ బరువు ఉత్తరం నిండా ఉంది. చెప్పండి. ముందు అమ్మాయికి చెప్పండి. విశాఖ నుంచి గంటన్నర, రెండు గంటల ప్రయాణమే కదా, డాక్టరు దగ్గరికి తోడు రమ్మనండి. తను వచ్చేదాకా మాత్రం ఆగకండి, రేపు తనకు కుదరకపోతే పక్కింటావిడను తీసుకుని వెళ్లండి. అబ్బాయికి ఆ తరవాత ఇద్దరూ కలిసి చెప్పండి. డబ్బు గురించి అతను ఒక మాట అంటే అననివ్వండి. మాత్ర గురించి మాత్రం ఏదీ దాచకండి.