ఫోను జేబులో, దారి చెవిలో

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నీ కొత్త 350 సీసీ బండి ఫోటో చూసి మీ అత్తయ్య, నేను ఎంతో సంతోషించాం. వచ్చే నెల హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తున్నానని, దారి చూపడానికి ఖరీదైన పరికరం కొనాలా, ఫోను సరిపోతుందా అని అడిగావు. ఫోను చాలు. అయితే నువ్వు రోజూ వాడే మంచి ఫోను మాత్రం హ్యాండిల్‌కు తగిలించవద్దు తల్లీ.

ఎందుకో చెబుతాను. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి చేతి వణుకును సరిచేయడానికి కెమెరా లోపల అతి సన్నగా కదిలే భాగాలు ఉంటాయి. ఇంజను అదురు గంటల తరబడి హ్యాండిల్ గుండా వాటికి చేరితే అవి దెబ్బతినవచ్చు. శక్తిమంతమైన బైకులకు ఐఫోన్లను నేరుగా బిగించవద్దని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. నాకది అనుభవం మీద తెలిసింది. అరకు నుంచి తిరిగి వచ్చిన రోజు మీ అత్తయ్యను ఫోటో తీద్దామని కెమెరా తెరిచాను. తెర మీద ఆమె ముఖం కదిలే నీళ్లలో నీడలా వణుకుతోంది. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల గరగరమని సన్నటి చప్పుడు. చివరికి కెమెరా మార్పించాల్సి వచ్చింది.

అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఘాట్‌లో బండి జారి నువ్వొక పక్క, అది ఒక పక్క పడితే, సాయానికి పిలవాల్సిన ఫోను నీ ఒంటి మీదే ఉండాలి. లోయ అంచున పడిన బండికి వేలాడుతూ ఉండకూడదు.

అందుకని ఇంట్లో మూలపడిన పాత ఫోను ఏదైనా ఉంటే బయటికి తీయి. ఉపగ్రహాల నుంచి స్థానం తెలుసుకోవడానికి దానికి సిమ్ అక్కరలేదు, ఇంటర్నెట్ అక్కరలేదు. బయలుదేరే ముందు రోజు ఇంట్లో వైఫై మీద దారి పొడవునా పటం దింపుకో. మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవిలోకి వెళ్లాక సిగ్నల్ పోయినా పటంలో నువ్వున్న చోటు చూపే నీలి చుక్క కదులుతూనే ఉంటుంది. కానీ అన్నీ పటానికే వదిలేయకు. ఆ అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను పంపరు. పటం ఎన్ని గంటలకు చేరతావో లెక్కగడుతుంది గానీ, గేటు దగ్గర తెల్లవార్లూ ఆగాల్సింది నువ్వు. చీకటి పడకముందే అడవి దాటేలా బయలుదేరు.

నువ్వు అడిగిన ఖరీదైన పరికరాలు, అంటే బైకుల కోసమే చేసిన గార్మిన్ జూమో ఎక్స్‌టీ లాంటివి, నిజంగా మంచివే. చేతి తొడుగులతో నొక్కినా పలుకుతాయి, ఎండలో తెర స్పష్టంగా కనిపిస్తుంది, మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకుంటాయి. నెలల తరబడి తిరిగేవాళ్లకు అవి అవసరం. ఎప్పుడైనా కొంటే అందులో భారతదేశ పటం ఉందో లేదో ముందు చూసుకో. నీ బండికి రాయల్ ఎన్‌ఫీల్డ్ ట్రిప్పర్ అనే దారి చూపే చిన్న తెర ఉంటే మరీ మంచిది. ఏ మలుపు ఎంత దూరంలో ఉందో బాణం గుర్తుతో చూపిస్తుంది, ఫోను జేబులోనే ఉండి బ్లూటూత్‌తో పనిచేస్తుంది.

ఇక బిగింపు. నేను ఎక్కువ శ్రద్ధ పెట్టమనేది దీని మీదే. పరికరానికి వేలు పోసి హోల్డర్ దగ్గర వందకు బేరమాడేవాళ్లను చాలామందిని చూశాను. ప్లాస్టిక్ పళ్లతో పట్టుకునే చవక హోల్డర్ మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే వదులవుతుంది. లోహపు క్లాంప్ ఉన్నది, అదురును మింగే రబ్బరు భాగంతో వచ్చేది తీసుకో. మామూలు హ్యాండిల్ లావు 22 మిల్లీమీటర్లు, కొన్ని బండ్లకు 28 వరకు ఉంటుంది. కొలిచి కొను. బిగించే చోట పాత సైకిల్ ట్యూబు ముక్క ఒక చుట్టు చుట్టి దాని మీద క్లాంప్ వెయ్యి. జారదు, గీత పడదు. అద్దం కాడకు మాత్రం వద్దు. అక్కడ ఊగుడు ఎక్కువ, చూపు పక్కకు పోతుంది. హ్యాండిల్ మధ్యలో, స్పీడోమీటర్‌కు కాస్త పైన, మీటరు దీపాలను కప్పకుండా పెట్టు. ఆ తర్వాత హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పు. వైరు లాగుతోందా, హోల్డర్ ట్యాంకుకు తగులుతోందా చూడు. తాళం పెట్టడానికి చోటుందా? మొదటి ఇరవై కిలోమీటర్ల తర్వాత ఆగి మరలన్నీ మళ్లీ బిగించు. మొదటి అదురుకు ప్రతి మరా కొంచెం సర్దుకుంటుంది.

బండికి యూఎస్‌బీ పోర్టు లేకపోతే మెకానిక్‌తో పెట్టించు. బ్యాటరీ నుంచి నేరుగా లాగనివ్వకు. తాళం తీసేస్తే కరెంటు ఆగేలా, మధ్యలో ఫ్యూజుతో వేయమను. లేకపోతే వారం రోజులు ఆపి ఉంచిన బండి స్టార్ట్ కాదు. వాన మొదలైతే ఛార్జింగ్ వైరు పీకెయ్యి. ప్లాస్టిక్ కవరు వానకే తప్ప ఎండకు పనికిరాదు. ఐఫోన్లను 35 డిగ్రీల లోపే వాడమని కంపెనీ చెబుతుంది, మన మే నెల ఎండ ఎక్కడ! కవరులో ఉడికిన ఏ ఫోనైనా మలుపు దగ్గరే ఆగిపోతుంది.

దారి చెవితో విను. హెల్మెట్‌లో బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుని, బయటి చప్పుడు వినిపించేంత తక్కువగా ధ్వని ఉంచు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను తెర వైపు చూస్తే దాదాపు 17 మీటర్లు రోడ్డు చూడకుండా వెళ్లినట్టే. ఏకాగ్రత చెదరని రీతిలో దారి చూసుకోవడానికి మాత్రమే ఫోను వాడవచ్చని 2020 అక్టోబర్ నుంచి నిబంధన కూడా ఉంది. గమ్యం మార్చాలంటే పక్కకు ఆపి, సైడ్ స్టాండ్ వేసి, అప్పుడు నొక్కు.

ఆదివారం బండి తీసుకుని ఇంటికి రా అమ్మా. ట్యూబు ముక్క, పానాలు నా దగ్గర ఉన్నాయి. ఇద్దరం కలిసి బిగిద్దాం, ఊరి చివరి వరకు ఒకసారి నడిపి చూద్దాం.

ఇట్లు,
మామయ్య