జీవ ఇంధన పంటలు వేస్తే రైతుకు గిట్టుబాటు అవుతుందా? మా మూడెకరాల అనుభవం

డీజిల్‌లో కలిపే బయోడీజిల్, పెట్రోలులో కలిపే ఇథనాల్ లాంటి వాటి కోసం పంట వేస్తే రైతుకు నిజంగా లాభం ఉంటుందా, వాటి మీద వ్యాపారం నిలబడుతుందా అని అడిగారు. ఈ ప్రశ్నకు జవాబు మా నాయన మూడెకరాలు, నాలుగేళ్లు పెట్టి తెలుసుకున్నాడు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది పాలమూరు వైపు ఊరు. ఎర్ర చెలక, వాన పడితేనే పంట. ఆముదం, కంది, జొన్న తప్ప వేరే తెలియదు. ఆముదాలకు గొప్ప ధర ఎప్పుడూ రాలేదు. కానీ బస్తాలు కట్టి మార్కెట్ యార్డుకు తీసుకెళ్తే కొనేవాళ్లు లేరన్న మాట మాత్రం మేము వినలేదు.

2006లో ఒక కంపెనీ మనుషులు జీపులో ఊరికి వచ్చారు. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేసి, గాజు గ్లాసులో నూనె పోసి, వత్తి వెలిగించి చూపించారు. జట్రోఫా నూనె అన్నారు. మన దగ్గర అడవి ఆముదం అంటాం, నేపాళం అని కూడా అంటారు. నీళ్లు అక్కర్లేదు, పశువులు ముట్టవు, మూడో ఏట నుంచి కాపు, ముప్పై ఏళ్లు ఆదాయం, కిలో పది రూపాయలకు మేమే కొంటాం అని కాగితం మీద రాసిచ్చారు. అప్పటి గాలి కూడా అలాగే ఉండేది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ బంజరు భూముల్లో జట్రోఫా పెంచమని చెప్పింది. ప్రభుత్వమే చెబుతోంది కదా అని నాయన ఆముదం మానేసి అడవి ఆముదం పెట్టాడు.

నీళ్లు అక్కర్లేదన్నది మొదటి ఎండాకాలమే తేలిపోయింది. మొక్క చచ్చిపోకుండా బతుకుతుంది, అంతవరకు నిజమే. కానీ కాయ కాయాలంటే తడి కావాలి. అమ్మ బిందెలతో మోసి పోసింది. నాలుగో ఏటికి కాపు వచ్చాక ఇంకో కష్టం తెలిసింది. ఈ చెట్టు కాయలన్నీ ఒకేసారి పండవు. ఒకే గుత్తిలో పచ్చిది, పసుపుపచ్చది, నల్లగా ఎండింది పక్కపక్కనే ఉంటాయి. ఎండినవే చూసి కోయాలి, మళ్లీ నాలుగు రోజులకు అదే చెట్టు దగ్గరికి రావాలి. అమ్మ, ఇద్దరు కూలీలు పొద్దంతా తిరిగితే పొట్టు తీశాక పదిహేను కిలోల గింజలు దాటేవి కావు. ఆ కూలి డబ్బులు ఎక్కడి నుంచి రావాలి?

2010లో ఏడు బస్తాలు అయ్యాయి. పక్కింటి వాళ్ల ట్రాక్టర్ కిరాయికి మాట్లాడుకుని నాయన, నేను కంపెనీ కొనుగోలు కేంద్రానికి వెళ్లాం. షట్టర్ వేసి ఉంది. బోర్డు తీసేసిన చోట గోడ మీద నాలుగు మేకుల గుర్తులు మిగిలాయి. ఫోన్ చేస్తే స్విచాఫ్. ఎదురుగా హోటల్ నడిపే అతను "వాళ్లు పోయి రెండు నెలలైంది పెద్దాయనా" అన్నాడు. నాయన నమ్మలేదు. సాయంత్రం దాకా బస్తాల మీదే కూర్చున్నాం. టీ తెచ్చిస్తే తాగలేదు.

తిరిగి వస్తూ, ఎప్పుడూ ఆముదాలు పట్టించే నూనె మిల్లు దగ్గర ట్రాక్టర్ ఆపించాడు. సేటు ఒక గింజ తీసుకుని గోటితో పగలగొట్టి, వేళ్ల మధ్య నలిపి చూశాడు. "నూనె మస్తుగుంది. పట్టిస్త గానీ ఎవరికి అమ్మాలె? తిననీకి రాదు, ఒంటికి రాయనీకి రాదు" అన్నాడు. నాయన బస్తా మూతి మళ్లీ కట్టుకుని వచ్చేశాడు. ఆయన నోరు మెదపకుండా ట్రాక్టర్ ఎక్కిన తీరు నాకు ఈ రోజుకీ కళ్ల ముందు ఉంది.

ఆ బస్తాలు మేకల కొట్టంలో పెట్టాం. నెల తిరక్కుండానే పక్కింటి పిల్లాడు పల్లీలనుకుని నాలుగు గింజలు తిన్నాడు. ఆగకుండా వాంతులు. రాత్రంతా ఆసుపత్రిలో సెలైన్ పెడితే తెల్లారికి తేరుకున్నాడు. ఆ మర్నాడే నాయన గుంత తవ్వించి ఏడు బస్తాలూ పూడ్చేశాడు. చెట్లు పీకించడానికి జేసీబీకి మళ్లీ అప్పు.

నేను చాలా ఏళ్ల తర్వాత ఒక లెక్క వేశాను. లీటరు నూనెకు మూడు నాలుగు కిలోల గింజలు కావాలి. కిలో పది రూపాయలంటే గింజలకే ముప్పై నలభై. 2006 జనవరి నుంచి ప్రభుత్వం బయోడీజిల్‌కు ప్రకటించిన కొనుగోలు ధర లీటరుకు 25 రూపాయలు. అంటే నూనె తీయకముందే నష్టం. మాకు కాగితం రాసిచ్చిన రోజు కూడా ఈ లెక్క ఇలాగే ఉంది. రైతుకు చదువు రాదని తిట్టేవాళ్లు ఈ లెక్క చదువుకున్నవాళ్లు ఎందుకు వేయలేదో చెప్పాలి. ఆ తర్వాత కూడా 2009 జీవ ఇంధన విధానంలో 2017 కల్లా డీజిల్, పెట్రోలులో 20 శాతం జీవ ఇంధనం కలుపుతామని రాసుకున్నారు. బయోడీజిల్ విషయంలో దాని దరిదాపులకు కూడా పోలేదు.

అలా అని నేను జీవ ఇంధనాలకు వ్యతిరేకిని కాను. నాకు అర్థమైంది ఒక్కటే. మాటిచ్చిన వాడు రాకపోయినా ఇంట్లోనో ఊళ్లోనో పనికొచ్చే పంటైతేనే వేయాలి. ఆముదం అలాంటిది. కానుగ అలాంటిది. కానుగ పుల్లతో పళ్లు తోముకుంటాం, ఆకు పొలానికి పచ్చిరొట్ట, నూనె దీపానికి, పిండి ఎరువుకు. గట్టు మీద దానంతట అదే పెరుగుతుంది, పొలం ఆక్రమించదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే ఆదివాసీ గూడెం ఉంది. అక్కడి ఆడవాళ్లు కానుగ నూనె మిల్లు నడిపి, ఆ నూనె డీజిల్ బదులు వాడితే గాలిలోకి పోకుండా తగ్గే 147 టన్నుల కార్బన్ లెక్కను (దీన్నే కార్బన్ క్రెడిట్ అంటారు) 2003లో ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మారు. డబ్బు చిన్నదే. కానీ చెట్టు, మిల్లు, వాడేవాళ్లు అన్నీ దగ్గర్లోనే. మా దగ్గర ఇలాంటి మిల్లు ఒక్కటి పెట్టి ఉంటే నాయన అప్పుల పాలయ్యేవాడు కాదు.

ఇథనాల్ గురించి కూడా అడిగారు కాబట్టి చెబుతున్నాను. మొక్కజొన్న రైతుకు మంచిదే, ఎందుకంటే ఫ్యాక్టరీ వద్దంటే కోళ్ల దాణా వాళ్లు కొంటారు. చెరకు, బియ్యం నుంచి తీయడం మాత్రం నాకు మింగుడు పడదు. చక్కెర నుంచి లీటరు ఇథనాల్ తీయాలంటే 2,860 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయని 2021లో నీతి ఆయోగ్ నివేదికే రాసింది. బోర్లు ఎండిపోయే మా జిల్లా వాడిని, నాకు ఆ అంకె చూస్తే గుండె గుభేలుమంటుంది. పైగా 2025 నుంచి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే వస్తోంది. పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్‌లో శక్తి మూడో వంతు తక్కువ. నా పాత బండి మైలేజీ తగ్గింది, ధర మాత్రం రూపాయి తగ్గలేదు. కలపని పెట్రోలు కావాలంటే మామూలు బంకులో దొరకదు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డెక్కారంటే, ఊరి వాళ్లను ముందే కూర్చోబెట్టి మాట్లాడి ఉండాల్సింది.

ఇప్పుడు కొత్తగా గడ్డిని కుళ్లబెట్టి గ్యాస్ తీసే ప్లాంట్లకు నేపియర్ అనే పశుగ్రాసం గడ్డి వేయమంటున్నారు. పోయిన నెల మా చిన్నాన్న ఫోన్ చేసి, రెండెకరాలు పెట్టమంటున్నారు, పెట్టనా అని అడిగాడు. ఎవరూ కొనకపోతే బర్రెలకు వేసుకోవచ్చు కదా, అర ఎకరం పెట్టు చిన్నాన్నా అన్నాను. ప్లాంటు ఎక్కడ కడతారు, కాటా ఎక్కడ వేస్తారు, కోత కూలి ఎవరిది, ఈ మూడూ అడిగాకే మిగతాది చూద్దామన్నాను. అడిగాడట. ప్లాంటు స్థలం ఇంకా ఖాయం కాలేదని చెప్పారట. మిగిలిన ఒకటిన్నర ఎకరంలో ఆముదమే వేస్తున్నాడు.