ఎస్పోజిటోది ఏ ఇంటి పేరు?

సందేహం: పిజ్జా కథ ఎక్కడ చదివినా, 1889లో ఇటలీ రాణి మార్గెరీటా కోసం పిజ్జా చేసినవాడు రఫాయెలె ఎస్పోజిటో అని ఉంటుంది. ఎస్పోజిటో అంటే ‘అనాథ’ అని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? ఇంగ్లీషు ‘ఎక్స్‌పోజ్’కీ దీనికీ చుట్టరికం ఉందా? అనాథకు పెట్టిన పేరైతే దాన్ని ‘ఇంటిపేరు’ అనడం తప్పు కాదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మీ అబ్బాయి చెప్పింది దాదాపు సరే. అయితే అనాథ అంటే దిక్కులేనివాడు. ఎస్పోజిటో అంటే ఇంకా సూటిగా ‘బయట పెట్టేసినవాడు’. లాటిన్‌లో ‘పోనెరె’ అంటే పెట్టడం, ‘ఎక్స్’ అంటే బయటికి. రెండూ కలిసి ‘ఎక్స్‌పొసితుస్’ అయింది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చిన ‘ఎక్స్‌పోజ్’ కూడా ఆ వంశానిదే. సినిమా కబుర్లలో మనం వాడే ‘ఎక్స్‌పోజింగ్’కూ, ఇటలీలోని నేపుల్స్ నగరంలో ఎవరో వదిలేసిన పసిగుడ్డు పేరుకూ మూలం ఒకటేనన్నమాట. ఉత్తరాల ‘పోస్టు’ కూడా ఆ ‘పోనెరె’ సంతానమే.

ఇందులో ఒక తమాషా ఉంది. ఇటాలియన్‌లో ‘బయట పెట్టిన’ అనడానికి మామూలు మాట ‘ఎస్పోస్తో’. వాడుకలో నలిగి మధ్య అచ్చు ఊడిపోయింది. ఇంటిపేరులో మాత్రం ఆ అచ్చు పదిలంగా ఉంది. చివరి ‘ఉస్’ కాస్తా ‘ఓ’ అయిందంటారా, రామః మనకు రాముడు కాలేదూ? మన లెక్కలో ఎస్పోస్తో తద్భవం, ఎస్పోజిటో తత్సమం. చర్చి రిజిస్టర్లు లాటిన్‌లో నడిచేవి కాబట్టి పాత రూపం అక్కడ నిలబడిపోయింది.

నేపుల్స్‌లో ‘అనున్‌త్సియాతా’ అనే ధర్మసంస్థ ఉండేది. దాని వీధి గోడకు ఒక కన్నం, అందులో గిర్రున తిరిగే చెక్క పీపా. బిడ్డను అందులో పెట్టి తిప్పితే లోపలికి చేరుతుంది. తెచ్చినవాళ్ల మొహం లోపలివాళ్లకు కనబడదు. దీన్ని ‘రువోతా’ అనేవారు, అంటే చక్రం. 1875లో దాన్ని మూసేశారు. ఆ కన్నం ఇప్పటికీ ఉంది, వెళ్తే చూడొచ్చు. అలా చేరిన పిల్లల్ని ఊరి జనం ‘మదోన్నా పిల్లలు’, అంటే మేరీమాత పిల్లలు, అనేవారు. రిజిస్టర్‌లో మాత్రం ఎస్పోజిటో. పేరు చెప్పగానే పుట్టుక బయటపడిపోతుంది. ఈ మచ్చ ఉండకూడదనే 19వ శతాబ్దం మొదట్లో, నేపుల్స్‌ను ఏలిన మ్యురా కాలంలో, ఈ పేరు పెట్టడాన్ని నిషేధించారు. కానీ అప్పటికే అది తరతరాలకు పాకిపోయింది. నేపుల్స్‌లో ఇవాళ అన్నిటికన్నా ఎక్కువగా వినబడే ఇంటిపేరు ఇదే.

ఒక్కో ఊరిది ఒక్కో పద్ధతి. రోములో ‘ప్రోయెత్తి’, అంటే విసిరేసినవాళ్లు. ఇది మరీ కర్కశం. ఫ్లారెన్స్‌లో 1445లో తెరిచిన పసిపిల్లల ఆశ్రమం నుంచి ‘ఇన్నోచెంతి’ వచ్చింది, అంటే అమాయకులు. ఎప్పటికైనా గుర్తుపట్టడానికని తల్లులు బిడ్డ దగ్గర వదిలిన సగం విరిచిన పతకాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. రెండో సగం తల్లి దగ్గర ఉంటుందని ఆశ.

మన ధర్మశాస్త్రాలకూ ఇలాంటి మాట తెలుసు. తల్లిదండ్రులు వదిలేస్తే వేరొకరు తెచ్చి పెంచుకున్న కొడుకును మనుస్మృతి ‘అపవిద్ధుడు’ అంటుంది. దానర్థమూ విసిరేసినవాడనే. కానీ అది ఎవరికీ పేరు కాలేదు. మన జనం పెట్టిన పేర్లలో కథ తిరగబడింది. పుట్టిన పిల్లలు వరసగా పోతుంటే, ఆ తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య అన్నారు. ఎంగిలి విస్తరిలో వేసి పుల్లయ్య అన్నారు, పుల్లాకంటే ఎంగిలి విస్తరే. ఎవరి చేతికో ఇచ్చి, చేటెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కుని తవిటయ్య అన్నారు. ఉత్తరాంధ్రలో తవిటినాయుళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ నిజంగా వదిలేస్తే పేరు మచ్చయింది. ఇక్కడ వదిలేసినట్టు నటించారు, పేరు రక్షరేకయింది.

ఇక ‘ఇంటిపేరు’ అనవచ్చా అంటే, నిక్షేపంగా అనవచ్చు. విభక్తి చేరేముందు ‘ఇల్లు’ ‘ఇంటి’గా మారుతుంది, దీన్ని ఔపవిభక్తిక రూపం అంటారు. దానికి ‘పేరు’ చేరిన మాట ఇది. ఇప్పుడు రూఢి అయిపోయింది, ఇల్లు ఉందా లేదా అని ఎవరూ చూడరు. అద్దె ఇంట్లో ఉన్నవాడికి ఇంటిపేరు లేకుండా పోతుందా? నన్నడిగితే ఇక్కడ ‘వంశనామం’ అనడమే తప్పు, వంశం తెలియకే కదా ఆ పేరు పెట్టింది!

మీరు అడగకపోయినా రాత గురించి ఒక మాట. ఇటాలియన్ వాళ్లు పలికేది ‘ట’ కాదు, ‘త’. నేపుల్స్‌లో ‘జి’ కూడా ‘సి’ అవుతుంది. ‘ఎస్పోజితో’ అని రాద్దామంటే, ‘ఎస్పోజితో మాట్లాడాను’ అన్నప్పుడు ఎస్పోజి ఎవరో అనుకుంటారు. ‘ఎస్పోజితోతో’ అంటే నత్తి అనుకుంటారు. అందుకే నేను పైన అంతటా ఇంగ్లీషు దారిలో వచ్చిన ‘ట’నే ఉంచేశాను. ‘ఎస్పోజిటోతో’ అంటే ఏ గొడవా లేదు.