వరిమడిలో తెల్లకొంగ: చిన్నదా, పెద్దదా?

ముక్కు రంగును బట్టి తేల్చబోవడంతోనే చిక్కంతా. పెన్నా ఆయకట్టు మడిలో నల్లముక్కుది, పసుపుముక్కుది పక్కపక్కనే ఉన్నాయి, రెండూ ఒకటేనా అని కదా అడిగారు. పెద్ద తెల్లకొంగ ముక్కు మామూలుగా పసుపే, జతకట్టే కాలంలో నల్లబడుతుంది. అందుకని ముక్కును పక్కన పెట్టండి.

1. వేళ్లు చూడండి. కాళ్లు నల్లగా, వేళ్లు పసుపుగా ఉంటే చిన్న తెల్లకొంగ. అందరూ తప్పేది ఇక్కడే: దమ్ము చేసిన మడిలో వేళ్లు బురదలో దిగబడి ఉంటాయి, కాలు మొత్తం నల్లగానే కనబడుతుంది. తొందరపడకండి. గట్టెక్కేదాకా, లేదా ఎగిరేదాకా ఆగండి. ఎగిరేటప్పుడు కాళ్లు తోక దాటి వెనక్కి చాస్తుంది, పసుపు మేజోళ్లు తొడిగినట్టు వేళ్లు బయటపడతాయి. బురద అంటి ఉంటే మాత్రం కాలువ నీళ్లలో దిగినప్పుడు మళ్లీ చూడాలి.

2. వేళ్లూ నల్లగానే ఉంటే నోటి చీలిక, అంటే ముక్కు మొదట్లో నోరు తెరుచుకునే గీత, చూడండి. కంటి కిందే ఆగితే మధ్యరకం తెల్లకొంగ (చిన్నదానికీ పెద్దదానికీ నడిమి సైజు జాతి), కన్ను దాటి వెనక్కి పోతే పెద్దది. ఎనిమిది రెట్లు పెద్దగా చూపే (8×42) బైనాక్యులర్ చాలు.

3. గేదెల వెంట తిరిగే పొట్టిమెడ, పొట్టి పసుపుముక్కు కొంగ వేరే జాతి.

ఒంటరిగా ఉన్నప్పుడు సైజును అస్సలు నమ్మొద్దు.