బందీలు, ఖైదీలు, నిర్బంధితులు: ఎవరికి ఏ మాట?

ప్రశ్న: గాజా వార్తల్లో హమాస్ చేతికి చిక్కిన ఇజ్రాయెలీలను ‘బందీలు’ అని, ఇజ్రాయెల్ చేతికి చిక్కిన పాలస్తీనీయులను ‘ఖైదీలు’ అని రాస్తున్నారు. ఇద్దరూ అవతలివాళ్ల చేతిలో పడ్డవాళ్లే కదా, ఈ తేడా ఎందుకు? కొన్నిచోట్ల ‘బంధీ’ అని ఒత్తుతో కనిపిస్తోంది. ఏది ఒప్పు?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

సమాధానం: ముందు ఒత్తు సంగతి తేల్చేద్దాం. ‘బందీ’కి ఒత్తు లేదు. బందిఖానా, బందోబస్తు, బంద్ వరుసలోనే ఇదీ. బంధనం, బంధితుడు, నిర్బంధం అనే సంస్కృత పదాలు పక్కనే ఉండటంతో చెయ్యి అలవాటుగా ఒత్తు పెట్టేస్తుంది. హిందీ వార్తల ‘బంధక్’ ప్రభావమూ కొంత ఉండవచ్చు. ‘బంధీ’ అని రాస్తే దిద్దాల్సిందే.

ఇక అసలు ప్రశ్న. ‘ఖైదు’ అరబ్బీ నుంచి వచ్చిన మాట. అక్కడ దాని అర్థం సంకెల. మన వాడుకలోకి వచ్చేసరికి దాని వెనక ఒక కోర్టు, ఒక నేరం, ఒక శిక్ష చేరాయి. శిక్ష ఇంకా పడకపోతే ‘విచారణ ఖైదీ’ అని విడిగా చెప్పుకుంటాం. అంటే ‘ఖైదీ’ అనగానే తెలుగు పాఠకుడు ‘ఏదో నేరం చేసే ఉంటాడు’ అనుకుంటాడు. ‘బందీ’ అంటే అలా అనుకోడు. అన్యాయంగా చిక్కుకున్న మనిషే అతని కళ్ల ముందు కదులుతాడు. కాబట్టి రెండు పక్షాలకూ రెండు మాటలు పంచి పెట్టేస్తే, వార్త చదవకముందే తీర్పు ఇచ్చినట్టవుతుంది. ఏ జాతివాడు అన్నది చూసి కాదు, ఏ విధంగా పట్టుబడ్డాడు, ఏ అధికారంతో ఉంచారు అన్నది చూసి మాట ఎంచుకోవాలి.

2023 అక్టోబరు 7న హమాస్, దానితో కలిసిన సాయుధులు సుమారు 1,200 మందిని చంపి 251 మందిని గాజాకు ఎత్తుకుపోయారు. వాళ్లలో పసిపిల్లలున్నారు, ముసలివాళ్లున్నారు, పొలం పనులకు వచ్చిన థాయ్ కూలీలున్నారు. ఇజ్రాయెల్ తన జైళ్లలోని మనుషులను వదిలితేనే వీళ్లను వదులుతామన్నారు. మనిషిని కుదువ పెట్టుకుని మూడోవాళ్ల మెడలు వంచడం ఇది. 1949 నాలుగో జెనీవా ఒప్పందంలోని 34వ అధికరణం దీన్ని ఒక్క ముక్కలో నిషేధించింది. ఇలాంటివాళ్లకు మన పొరుగు భాషల్లో ప్రత్యేకమైన మాటలున్నాయి: కన్నడంలో ‘ఒత్తెయాళు’, తమిళంలో ‘పణయక్కైది’. రెండింట్లోనూ తాకట్టు అనే అర్థం ఇమిడి ఉంది. తెలుగు పత్రికలు మాత్రం అన్నిటికీ ‘బందీ’తోనే సరిపెట్టుకుంటున్నాయి. ‘తాకట్టు బందీ’ అనడం నాకు ఇష్టం. అయితే పాఠకుల మీద రుద్దను. సందర్భంలో ‘విడుదలకు షరతులు పెట్టి’ అన్న ముక్క ఉంటే ‘బందీ’ చాలు.

సైనికుడు పట్టుబడితే? మన వాడుకలో ‘యుద్ధఖైదీ’ అంటాం. కానీ యుద్ధఖైదీకి మూడో జెనీవా ఒప్పందం ఇచ్చే హక్కులున్నాయి. రెడ్‌క్రాస్ వచ్చి చూడాలి, ఇంటికి ఉత్తరాలు రాసుకోనివ్వాలి, జనం చూసి వినోదించేలా ఊరేగించకూడదు. 2006 జూన్ 25న పట్టుబడ్డ ఇజ్రాయెల్ సైనికుడు గిలాద్ షాలిత్‌ను ఐదేళ్లకు పైగా రెడ్‌క్రాస్ చూడనే లేదు. 2011 అక్టోబరులో 1,027 మంది పాలస్తీనీయుల విడుదలకు బదులుగా అతన్ని వదిలారు. ఒంటి మీద యూనిఫాం ఉన్నా అతన్ని ఉంచిన తీరు కుదువదే. కాబట్టి అతన్నీ ‘బందీ’ అనడంలో తప్పు లేదు.

పాలస్తీనీయుల విషయంలోనే మన వార్తలు ఎక్కువ తడబడుతున్నాయి. ఇక్కడ ఒక్క మాట సరిపోదు. 2025 అక్టోబరు ఒప్పందాన్నే తీసుకోండి. బతికున్న 20 మంది ఇజ్రాయెలీలకు బదులుగా ఇజ్రాయెల్ రెండు రకాలవాళ్లను వదిలింది. సుమారు 250 మంది యావజ్జీవం లేదా దీర్ఘకాల శిక్షలు పడ్డవాళ్లు, వాళ్లలో హత్య కేసుల్లో దోషులూ ఉన్నారు. వీళ్లకు ‘ఖైదీ’ సరైన మాట. కొందరిని సైనిక కోర్టులు విచారించాయి, ఆ కోర్టుల మీద విమర్శలున్నాయి. ఆ విమర్శను వాక్యంలో రాయాలి గానీ మాట మార్చి దాచకూడదు. మిగిలిన 1,700 మందికి పైగా యుద్ధం మొదలయ్యాక గాజాలో పట్టుకుపోయినవాళ్లు. అభియోగం లేదు, విచారణ లేదు. ‘చట్టవిరుద్ధ పోరాటకారులు’ అనే పేరుతో 2002లో చేసిన చట్టం కింద ఉంచారు. మర్నాడు మన శీర్షికల్లో అందరూ కలిసి ‘ఖైదీలు’ అయిపోయారు! ఇలాంటివాళ్లకు తెలుగులో ‘నిర్బంధితులు’ అన్న మంచి మాట ఎప్పటినుంచో ఉంది. ఎమర్జెన్సీ రోజుల పత్రికలు చదివినవాళ్లకు ‘డిటెన్యూ’ కూడా గుర్తుండే ఉంటుంది. ఇప్పటికీ పీడీ యాక్టు వార్తల్లో ఆ మాట వింటున్నాం.

వెస్ట్ బ్యాంక్‌లో ఇంకో పద్ధతి ఉంది. ఇజ్రాయెల్ సైనికాధికారి ఉత్తర్వు మీద ఆరు నెలల వరకు ఉంచుతారు, గడువు తీరాక మళ్లీ పొడిగించవచ్చు. సాక్ష్యం రహస్యం, లాయరుకూ చూపరు. దీన్ని ‘పరిపాలనా నిర్బంధం’ అని అనువదిస్తున్నారు. చదివినవాడికి ఏమీ బోధపడదు, ఆఫీసు పని ఏదో అనుకుంటాడు. ‘విచారణ లేని నిర్బంధం’ అంటే విషయం వెంటనే తెలుస్తుంది.

అరబ్బీ, హీబ్రూ మాట్లాడే ఆ రెండు పక్షాలవాళ్లు ఏమంటారో కూడా చూడండి. పాలస్తీనీయులకు తమవాళ్లంతా ‘అసీర్’లే, బహువచనంలో ‘అస్రా’, అంటే యుద్ధంలో పట్టుబడ్డవాళ్లు. హమాస్ తాను ఎత్తుకొచ్చినవాళ్లకూ ఇదే మాట వాడింది. కుదువ అన్న అర్థం వచ్చే ‘రహీనా’ అరబ్బీలో ఉన్నా దాన్ని దూరం పెట్టింది. ఇజ్రాయెలీలు తమవాళ్లను ‘హతూఫిమ్’ అన్నారు, అంటే అపహరణకు గురైనవాళ్లు. జైల్లో ఉన్న పాలస్తీనీయులకు హీబ్రూలో వాడే మాట ‘అసీర్’. అవును, అరబ్బీలో ఉన్నదే, రెండిటి ధాతువూ ఒకటే. ఎవరి మాట వాళ్లకు ఉంది, మనం ఎవరిదీ అరువు తెచ్చుకోనక్కర్లేదు.

ఇంకొక పక్షపాతం మీ ప్రశ్నలో లేదు గానీ క్రియాపదాల్లో ఉంది. ఇటువాళ్లు ‘చెర నుంచి విముక్తి’ పొందుతారు, అటువాళ్లు ‘జైలు నుంచి విడుదల’ అవుతారు. ఇటువాళ్లను ‘చిత్రహింసలు’ పెడతారు, అటువాళ్ల పట్ల ‘దురుసుగా ప్రవర్తిస్తారు’. 2025 ఫిబ్రవరి 8న హమాస్ వదిలిన ముగ్గురు ఎముకల గూళ్లలా బయటికి వచ్చారు. సాయుధులు వాళ్లను వేదిక ఎక్కించి, మైకు ముందు మాట్లాడించి మరీ అప్పగించారు. అదే ఏడాది సెప్టెంబరులో, పాలస్తీనా ఖైదీలకు చాలినంత తిండి పెట్టడం లేదని ఇజ్రాయెల్ సుప్రీంకోర్టే తేల్చింది. నెగెవ్ ఎడారిలోని స్దే తైమాన్ సైనిక స్థావరంలో గాజా మనుషులను కళ్లకు గంతలు కట్టి, చేతులకు సంకెళ్లు వేసి ఉంచిన తీరును అక్కడ పనిచేసిన ఇజ్రాయెలీలే బయటపెట్టారు. ఈ యుద్ధంలో గాజా సొరంగాల్లో ఉన్నవాళ్లను చూడటానికి రెడ్‌క్రాస్‌ను హమాస్ రానివ్వలేదు, తన జైళ్లలోకి ఇజ్రాయెల్ రానివ్వలేదు. ఆకలిని రెండుచోట్లా ఆకలి అనే రాయాలి, హింసను హింస అనే రాయాలి. ఏది రుజువైంది, ఏది ఆరోపణ అన్న వివరం రెండుచోట్లా ఒకే కొలతతో ఇవ్వాలి.

పిల్లల సంగతీ అంతే. 2023 నవంబరు సంధిలో గాజా నుంచి వచ్చినవాళ్లు ‘చిన్నారులు’, ఇజ్రాయెల్ జైళ్ల నుంచి వచ్చిన పదిహేను పదహారేళ్ల కుర్రాళ్లు ‘మైనర్ ఖైదీలు’. వయసు అంకెల్లో వేసి ఇద్దరికీ ఒకే మాట వాడితే గొడవ ఉండదు.

చివరిగా, ‘బందీల మృతదేహాలు విడుదల’ అని రాస్తున్నారు. శవానికి విడుదల ఏమిటి? ‘అప్పగింత’ అనాలి. 2025 అక్టోబరు తర్వాత గాజా నుంచి వచ్చిన ఇజ్రాయెలీల మృతదేహాలకూ, ఒక్కోదానికి 15 చొప్పున ఇజ్రాయెల్ తిరిగిచ్చిన పాలస్తీనీయుల మృతదేహాలకూ అదే మాట సరిపోతుంది.